సపోర్ట్ ప్రాజెక్ట్‌లో ఉన్నవాళ్లు అక్కడి నుంచే పైకి రావడం ఎలా

ఇది ఐటీలో ఉన్న అందరి కోసమూ కాదు. క్యాంపస్‌లో సర్వీస్ కంపెనీకి సెలెక్ట్ అయి, ట్రైనింగ్‌లో జావా నేర్చుకుని, తీరా చూస్తే ఏ అమెరికా బ్యాంకుకో ఇన్సూరెన్స్ కంపెనీకో ప్రొడక్షన్ సపోర్ట్‌లో (వాడకంలో ఉన్న సాఫ్ట్‌వేర్ ఆగిపోకుండా చూసుకునే పనిలో) పడి, అక్కడే రెండేళ్లో నాలుగేళ్లో గడిచిపోయినవాళ్ల కోసం. మాదాపూర్, పోచారం, ఆదిభట్ల, రుషికొండ, ఎక్కడ కూర్చున్నా రోజు ఒకేలా ఉంటుంది: షిఫ్ట్, టికెట్ (నమోదైన ఒక్కో సమస్య), ఎస్ఎల్ఏ (దాన్ని తేల్చాల్సిన గడువు), హ్యాండోవర్ మెయిల్, క్యాబ్. డెవలప్‌మెంట్‌లో పడ్డ బ్యాచ్‌మేట్ రెండోసారి కంపెనీ మారి జీతం చెప్తుంటే ఇక్కడ టెన్షన్ మొదలవుతుంది, ఆ టెన్షన్‌లో చాలామంది చేసే మొదటి పని ఏదో ఒక కోర్సుకి డబ్బు కట్టేయడం.

కోర్సు తర్వాత. ముందు చేయాల్సింది మీ టికెట్లు చూడడం.

ఇంటర్వ్యూ ప్యానెల్‌లో అటువైపు కూర్చుని నేను చూసినంతలో, సపోర్ట్ నుంచి వచ్చినవాళ్లు రిజెక్ట్ అయ్యేది సపోర్ట్‌లో ఉన్నందుకు కాదు. "మూడేళ్లలో మీరేం చేశారు?" అంటే "ఇన్సిడెంట్స్ మానిటర్ చేస్తాం, ఎల్‌త్రీకి ఎస్కలేట్ చేస్తాం" అని ఆగిపోతారు (ఎల్‌త్రీ అంటే కష్టమైన సమస్యలు చూసే మూడో స్థాయి టీమ్). పైగా అన్నీ "చేస్తాం", "చూస్తాం". టీమ్ పన్నెండు మందిలో మీ చేతులతో జరిగిందేమిటో ఆ జవాబులో ఎక్కడా ఉండదు. ప్రొడక్షన్‌లో అర్ధరాత్రి సిస్టమ్ పడిపోతే ఎలా ఉంటుందో తెలిసినవాళ్లు డెవలపర్లలో కూడా తక్కువే, కాబట్టి అనుభవానికి విలువ లేక కాదు. దాన్ని ఎవరూ తవ్వి బయటికి తీయకపోవడమే అసలు సమస్య.

టికెట్లను తవ్వడం

మీ టికెటింగ్ టూల్ సర్వీస్‌నౌ కావచ్చు, జిరా కావచ్చు, ఇంకోటి కావచ్చు. గత ఆరు నెలల టికెట్లను ఎక్సెల్‌లోకి తీయండి, ఆఫీస్ లాప్‌టాప్‌లోనే, పర్సనల్ మెయిల్‌కి పంపొద్దు, అది ఉద్యోగం పోయే పని. పివట్ టేబుల్ వేసి అప్లికేషన్ వారీగా, కారణం వారీగా లెక్క చూడండి. ఏ ప్రాజెక్ట్‌లో చూసినా కొన్ని టికెట్లు అదే పనిగా మళ్లీ మళ్లీ వస్తుంటాయి. వాటిని మూసి మూసి అందరికీ చేయి తిరిగిపోయి ఉంటుంది, అందుకే ఎవరూ ఎందుకొస్తున్నాయని అడగరు.

ఉదాహరణకి డిస్క్ నిండిపోయిన అలర్ట్. రాత్రి షిఫ్ట్‌లో ఉన్నవాళ్లు పాత లాగ్ ఫైళ్లు తీసేసి టికెట్ మూసేస్తారు. ఒక్కోసారి ఫైల్ తీసేసినా డీఎఫ్ కమాండ్ (డిస్క్ ఎంత నిండిందో చెప్పేది) ఇంకా నిండుగానే ఉందంటుంది, డీయూ (ఫైళ్ల సైజులు కూడి చెప్పేది) మాత్రం తక్కువ చూపిస్తుంది. ఫైల్ పేరు పోయింది కానీ దాన్ని తెరిచి పట్టుకున్న ప్రాసెస్ ఇంకా నడుస్తోంది, అది వదిలేదాకా లైనక్స్ ఆ జాగా తిరిగివ్వదు. తెరిచి ఉన్న ఫైళ్లు చూపించే ఎల్‌ఎస్‌ఓఎఫ్‌తో ఆ ప్రాసెస్ ఏదో కనుక్కోవచ్చు. ఇది ఇంటర్వ్యూల్లో తరచుగా అడిగే ప్రశ్న కూడా, చదివి చెప్పేవాళ్లకీ పడి చెప్పేవాళ్లకీ తేడా రెండో ప్రశ్నకే తెలిసిపోతుంది. ఇక అసలు పరిష్కారం లాగ్‌రొటేట్ (పాత లాగ్‌ని పక్కకి తీసి కొత్తది మొదలుపెట్టే టూల్) సరిగ్గా పెట్టడం, రొటేట్ అయ్యాక అప్లికేషన్‌కి కొత్త ఫైల్ తెరవమని సిగ్నల్ పంపేలా పెట్టడం. ఆ రెండోది మర్చిపోతే మళ్లీ పాత గోలే.

లేదా రాత్రి బ్యాచ్ జాబ్ ఫెయిల్ అవుతుంది, రీరన్ కొడితే పాస్ అవుతుంది, అందరూ రీరన్ కొట్టి పడుకుంటారు. రీరన్‌తో పాస్ అవుతోందంటే కోడ్‌లో తప్పు లేనట్టే చాలాసార్లు. పైనుంచి రావాల్సిన ఫైల్ ఆలస్యమవుతోంది, లేదా రెండు జాబులు ఒకే టేబుల్ మీద కొట్టుకుంటున్నాయి. రెండు వారాల టైమింగ్స్ పక్కపక్కన పెడితే అర్థమైపోతుంది. ఫైల్ వచ్చిందో లేదో చూసుకుని మొదలయ్యే చిన్న చెక్ పెడితే ఆ టికెట్లు ఆగుతాయి. స్లో అయిన రిపోర్ట్ అయితే క్వెరీ ఎగ్జిక్యూషన్ ప్లాన్ తీయండి, టేబుల్ మొత్తం చదువుతోందా ఇండెక్స్ వాడుతోందా చూడండి. ఎస్‌క్యూఎల్ ఎగ్జిక్యూషన్ ప్లాన్ చదవడం వచ్చినవాళ్లు సపోర్ట్ టీమ్‌లో ఒకరుంటే గొప్ప.

ఐటిల్ (ఐటీ సర్వీసులు నడిపే పద్ధతులు) చదివినవాళ్లకి తెలిసే ఉంటుంది, ఇన్సిడెంట్ వేరు, ప్రాబ్లమ్ వేరు. సర్వీస్ మళ్లీ నిలబెడితే ఇన్సిడెంట్ మూసినట్టు, అది ఎందుకు పడిందో కనుక్కుని ఆపితే ప్రాబ్లమ్ మూసినట్టు. ఎల్‌వన్, ఎల్‌టూ (మొదటి, రెండో స్థాయి సపోర్ట్) వాళ్లకి జీతం ఇచ్చేది మొదటిదానికి, అడిగేదీ అదే. రెండోది ఎవరూ అడగరు. అడగని ఆ పని ఒకటి తలకెత్తుకోండి, ఒకటే, పెద్దదే అక్కర్లేదు.

ఎలా చేయాలన్నదాంట్లో మాత్రం తొందర వద్దు. ప్రొడక్షన్‌లో నేరుగా చేయి పెట్టొద్దు, ఎంత చిన్న స్క్రిప్ట్ అయినా సరే. ముందు లీడ్‌కి అరపేజీ రాసి చూపించండి: ఏ టికెట్, నెలకి ఎన్ని వస్తున్నాయి, కారణం ఏమనుకుంటున్నాను, ఏం మార్చాలి, తేడా వస్తే ఎలా వెనక్కి తీసుకుంటాం. తర్వాత టెస్ట్ సర్వర్‌లో చేయండి, ఛేంజ్ రిక్వెస్ట్ పెట్టి క్యాబ్ అప్రూవల్ తీసుకోండి (ఆఫీస్ క్యాబ్ కాదు, ఛేంజ్ అడ్వైజరీ బోర్డు). ఈ తతంగం చాలామందికి విసుగు. కానీ రోల్‌బ్యాక్ ప్లాన్ రాయడం వచ్చిన మనిషి అంటే ప్యానెల్‌లో ఉన్నవాళ్లకి వెంటనే గురి కుదురుతుంది.

లీడ్ ఒప్పుకోకపోతే? కొందరు ఒప్పుకోరు. టికెట్ల సంఖ్య మీదే క్లయింట్ బిల్లింగ్ నడిచే ప్రాజెక్ట్‌లు కొన్ని ఉంటాయి, అక్కడ టికెట్లు తగ్గడం ఎవరికీ పెద్ద ఆనందం కాదు. అలాంటి చోట రన్‌బుక్ (ఏ సమస్యకి ఏం చేయాలో వరుసగా చెప్పే నోట్) రాయండి, టైమ్ తగ్గించే పని తీసుకోండి, నలభై నిమిషాల చెకింగ్‌ని ఐదు నిమిషాల స్క్రిప్ట్ చేయండి. దానికి ఎవరూ అడ్డు చెప్పరు.

రాసి పెట్టుకోకపోతే చేయనట్టే

శుక్రవారం షిఫ్ట్ అయ్యాక మూడు లైన్లు రాయండి: ఈ వారం ఏం పగిలింది, నేనేం చేశాను, దాంతో ఏం మారింది. క్లయింట్ పేరు, సర్వర్ పేర్లు, డేటా వద్దు. అప్రైజల్ ఫామ్ వచ్చినప్పుడు మే నెలలో ఏం చేశామో మార్చిలో గుర్తుండదు, గుర్తొచ్చేది మొన్నటి వారం ఎస్కలేషనే, మేనేజర్‌కి కూడా అదే గుర్తుంటుంది.

ఇక్కడ ఒక విషయం తెలుసుకోవాలి. పెద్ద కంపెనీల్లో మీ రేటింగ్ మీకూ మీ మేనేజర్‌కీ మధ్య తేలిపోయేది కాదు. మేనేజర్లంతా కూర్చునే ఒక మీటింగ్ ఉంటుంది, నార్మలైజేషన్ అంటారు, కాలిబ్రేషన్ అంటారు. టాప్ రేటింగ్‌లు ఇన్నే అని చాలాచోట్ల కోటా ఉంటుంది. అక్కడ మీ పేరు వచ్చినప్పుడు మీ మేనేజర్‌కి దొరికేది అర నిమిషం. "మంచి కుర్రాడు, కష్టపడతాడు" అంటే ఆ గదిలో నడవదు, అందరి దగ్గరా మంచి కుర్రాళ్లే ఉంటారు. "నెలకి 40 వచ్చే డిస్క్ అలర్ట్‌లు ఆరుకి తగ్గించింది, క్లయింట్ మెయిల్ ఉంది" అంటే నడుస్తుంది. ఆ వాక్యం మేనేజర్ నోట్లో ముందే మీరే పెట్టాలి. సిగ్గుపడే విషయం కాదిది. మన ఇళ్లల్లో సొంత డప్పు కొట్టుకోవద్దని పెంచారు, సరే, లెక్క చెప్పడం డప్పు కాదు కదా.

ప్రమోషన్ గురించి అడగాల్సింది అప్రైజల్ నెలలో కాదు, దానికి ఆరు నెలల ముందు. ఇలా అడగండి: "రమ గారూ, వచ్చే సైకిల్‌లో నా పేరు ప్రమోషన్‌కి పెట్టాలంటే ఈలోపు మీకు నాలో ఏం కనిపించాలి?" ఈ ప్రశ్నకి ఏదో ఒక జవాబు చెప్పక తప్పదు. చెప్పిన జవాబుని అదే రోజు చిన్న మెయిల్‌గా పంపండి, "మనం మాట్లాడుకున్నది ఇదీ" అని. రెండు నెలలకోసారి దాని మీదే మాట్లాడండి. జవాబు దాటేస్తున్నారంటే అదీ సమాచారమే, వేరే ప్రాజెక్ట్ చూసుకునే టైమ్ వచ్చినట్టు.

రెజ్యూమెలో కూడా ఇదే లెక్క. "ఇరవై నాలుగు గంటల ప్రొడక్షన్ సపోర్ట్‌కు బాధ్యత వహించాను" అన్నది వెయ్యి రెజ్యూమెల్లో ఉంటుంది. "రోజూ చేతితో చేసే బ్యాచ్ చెకింగ్‌కి పైథాన్ స్క్రిప్ట్ రాశాను, 40 నిమిషాల పని 5 నిమిషాలకి వచ్చింది" అన్న చోట చదివేవాళ్ల కళ్లు ఆగుతాయి.

ఇప్పుడు కోర్సుల సంగతి

నేర్చుకోవాల్సింది ఏమిటన్నది యూట్యూబ్ చెప్పకూడదు, మీ టికెట్లు చెప్పాలి. ఉన్న చోటికి పక్క మెట్టు ఎక్కడం తేలిక. సర్వర్లూ అలర్ట్‌లూ చూసేవాళ్లకి డెవాప్స్, ఎస్‌ఆర్‌ఈ (సర్వర్ల పనిని ఆటోమేట్ చేసి సిస్టమ్‌ని నిలకడగా నడిపే ఉద్యోగాలు) పక్క మెట్టు: లైనక్స్, బాష్, కొంచెం పైథాన్, గిట్, డాకర్, ఆ తర్వాత టెర్రాఫామ్, కుబర్నెటీస్, ఇదే వరుసలో. కుబర్నెటీస్‌తో మొదలుపెట్టి నెట్‌వర్కింగ్ రాక మధ్యలో వదిలేసేవాళ్లు బోలెడు మంది. డేటాబేస్ వైపు ఉంటే డేటా ఇంజనీరింగ్, ఎస్‌క్యూఎల్ గట్టిగా వచ్చాకే స్పార్క్ (పెద్ద డేటాని ప్రాసెస్ చేసే టూల్). జావా అప్లికేషన్ సపోర్ట్ అయితే మీ దగ్గర ఉన్న బంగారం ఆ కోడ్ రిపాజిటరీయే, రీడ్ యాక్సెస్ అడిగి, ఎర్రర్ వచ్చినప్పుడల్లా స్టాక్ ట్రేస్ (ఎర్రర్ కోడ్‌లో ఎక్కడ వచ్చిందో చూపే జాబితా) పట్టుకుని కోడ్‌లోకి వెళ్లి చదవండి. చిన్న బగ్ ఒకటి డెవలప్‌మెంట్ టీమ్‌ని అడిగి తీసుకోండి. మాన్యువల్ టెస్టర్లకి ఏపీఐ టెస్టింగ్, ఆ పైన టెస్టింగ్ ఆటోమేట్ చేసే సెలీనియం లేదా ప్లేరైట్. ఎస్‌ఏపీలో ఉన్నవాళ్లు వదిలి పారిపోవాల్సిన పనేమీ లేదు, పాత వెర్షన్ ఈసీసీకి మెయిన్‌స్ట్రీమ్ మెయింటెనెన్స్ 2027 చివరితో ఆపుతామని ఎస్‌ఏపీ కంపెనీయే చెప్పింది కాబట్టి కొత్త వెర్షన్ ఎస్‌ఫోర్‌హానాకి మైగ్రేషన్ పని నడుస్తూనే ఉంది, అటు దూకండి.

అమీర్‌పేట మైత్రీవనం సందుల్లో కొన్ని ఇన్‌స్టిట్యూట్‌లలో పాఠం బాగానే చెప్తారు, ఫీజు తక్కువ, బేసిక్స్‌కి చాలు. ఇబ్బంది అక్కడ ఇచ్చే ప్రాజెక్ట్‌తో. బ్యాచ్‌లో ఉన్న అందరూ అదే ప్రాజెక్ట్ రెజ్యూమెలో పెడతారు, ప్యానెల్‌లో ఉన్నవాళ్లు అది ఎన్నోసార్లు చూసి ఉంటారు. కోర్సు చేయండి, ప్రాజెక్ట్ మాత్రం మీ టికెట్లలోంచి పుట్టిన సమస్యనే ఇంట్లో మీ లాప్‌టాప్ మీద మళ్లీ కట్టి చూపించండి, క్లయింట్ కోడ్ ఒక్క లైను కూడా లేకుండా.

ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తామని ఎవరైనా అంటే లేచి వచ్చేయండి. నీతి సంగతి పక్కన పెట్టినా అది నిలబడదు. మీ పీఎఫ్ నంబర్ యూఏఎన్‌తో పీఎఫ్ సర్వీస్ హిస్టరీ తీస్తే ఏ కంపెనీలో ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఉన్నారో వస్తుంది, ఫామ్ 26ఏఎస్‌లో టీడీఎస్ (జీతంలోంచి కోసిన పన్ను) ఎవరు కట్టారో వస్తుంది. బ్యాక్‌గ్రౌండ్ చెక్ జాయిన్ అయ్యాక కూడా జరుగుతుంటుంది, దొరికితే ఆ రోజే పంపించేస్తారు, రిలీవింగ్ లెటర్ లేకుండా.

సర్టిఫికేషన్ల మీద నా అభిప్రాయం: ఒకటి చాలు, రెండు ఎక్కువ, ఐదు ఉంటే అనుమానం. ఏడబ్ల్యూఎస్ సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్ 65 ప్రశ్నలు, 130 నిమిషాలు, 1000కి 720 రావాలి, మూడేళ్లు చెల్లుతుంది. అజ్యూర్ అసోసియేట్‌వి ఏడాదే, కానీ ఆన్‌లైన్‌లో ఉచితంగా రెన్యూ చేసుకోవచ్చు. కుబర్నెటీస్ సీకేఏలో ఆప్షన్లు ఉండవు, రెండు గంటలు టెర్మినల్ ముందు కూర్చుని చేసి చూపించాలి, అందుకే దానికి గౌరవం ఎక్కువ. జేబులోంచి కట్టే ముందు మీ కంపెనీలో అడగండి. క్లౌడ్ కంపెనీల దగ్గర పార్ట్‌నర్ హోదా ఉండాలంటే ఇంతమంది సర్టిఫైడ్ ఉద్యోగులు ఉండాలన్న షరతు ఉంటుంది, కాబట్టి చాలా సర్వీస్ కంపెనీలు పరీక్ష ఫీజు తిరిగి ఇస్తాయి. డంప్స్ (బయటికి వచ్చిన పరీక్ష ప్రశ్నలు) బట్టీ కొట్టి పాసైతే షార్ట్‌లిస్ట్ దాకా వస్తారు, ఇంటర్వ్యూలో పదో నిమిషం దాటరు.

ఏఐ గురించి భయం ఉంది, కొంత నిజమే, పాస్‌వర్డ్ రీసెట్, స్టేటస్ చెక్ లాంటి ఎల్‌వన్ పని ఆటోమేట్ అయిపోతోంది. అందుకే పైన చెప్పిన ప్రాబ్లమ్ వైపు జరగమంటున్నా. కంపెనీ అనుమతించిన టూల్ ఉంటే స్క్రిప్ట్ రాయడానికీ తెలియని ఎర్రర్ అర్థం చేసుకోవడానికీ బాగా వాడండి, క్లయింట్ లాగ్‌లు బయటి చాట్‌బాట్‌లో పేస్ట్ చేయొద్దు.

ఇంగ్లిష్, ముఖ్యంగా కాల్స్

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకి పని వచ్చినా క్లయింట్ కాల్‌లో మ్యూట్ తీయడానికి భయం. దీనికి స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసుల కంటే పనికొచ్చేది ఇన్సిడెంట్ మెయిల్. ఏం జరిగింది, ఎప్పటి నుంచి, ఎవరికి ఇబ్బంది, ఇప్పుడేం చేస్తున్నాం, మళ్లీ ఎన్నింటికి చెప్తాం. ప్రతిసారీ ఈ ఐదూ ఇదే వరుసలో, చిన్న వాక్యాల్లో రాయండి. నెల తిరిగేసరికి అవే వాక్యాలు నోటికొస్తాయి, కాల్‌లో చెప్పాల్సిందీ అవే. ఇంట్లో ఒక టికెట్ తీసుకుని ఐదు నిమిషాలు మాట్లాడి ఫోన్‌లో రికార్డ్ చేసుకుని వినండి. వినడం నరకంలా ఉంటుంది, వినండి. యాస గురించి ఎవరూ పట్టించుకోరు, అవతలివాళ్లకి కావాల్సింది సిస్టమ్ ఎప్పుడు లేస్తుందన్నదే.

ముందు లోపల, తర్వాత బయట

జాబ్ మారడమంటే కంపెనీ మారడమే అనుకుంటారు. సపోర్ట్ నుంచి డెవలప్‌మెంట్‌కో డెవాప్స్‌కో మారేటప్పుడు ఇంటర్నల్ జాబ్ పోస్టింగ్ చాలా తేలిక దారి, ఎందుకంటే బయటి రిక్రూటర్ "ఈ స్కిల్‌లో అనుభవం ఎన్నేళ్లు" అని అడుగుతాడు, లోపలి మేనేజర్ మీ లీడ్‌కి ఒక ఫోన్ చేస్తాడు. జీతం వెంటనే పెరగదు, నిజమే. ఏడాది ఆ పని చేశాక బయటికి వెళ్తే అప్పుడు పెరుగుతుంది. ఆ ఏడాది ఓపిక లేకే చాలామంది అదే సపోర్ట్ పనికి ఇంకో కంపెనీకి వెళ్లి, కొంచెం ఎక్కువ జీతంతో అక్కడే ఇరుక్కుంటారు.

లోపల మారడానికి అడ్డు వచ్చేది ప్రాజెక్ట్ రిలీజ్. "వీడు లేకపోతే ప్రాజెక్ట్ నడవదు" అన్న పేరు తెచ్చుకోవడం గొప్పనుకుంటాం, ఆ పేరు వచ్చాక ఎవరూ వదలరు. కాబట్టి మీకు మాత్రమే తెలిసినవన్నీ రాసిపెట్టండి, జూనియర్‌కి నేర్పండి, మీరు సెలవు మీద ఊరెళ్లిన వారం ఫోన్ రాకుండా చూసుకోండి. రిలీజ్ అడిగే రోజున "నా బదులు ఫలానా తమ్ముడు రెడీగా ఉన్నాడు, కేటీ (పని నేర్పడం) అయిపోయింది" అంటే మేనేజర్ దగ్గర వద్దనడానికి పెద్ద కారణం మిగలదు.

బయటికి వెళ్లే దశలో సర్వీస్, ప్రొడక్ట్ అని రెండే అనుకోకండి. హైదరాబాద్‌లో బ్యాంకులు, ఫార్మా, రిటైల్ కంపెనీల సొంత టెక్నాలజీ సెంటర్లు, జీసీసీలంటారు, చాలా ఉన్నాయి. మీరు మూడేళ్లు ఇన్సూరెన్స్ క్లెయిమ్స్ సిస్టమ్ చూసుకుంటే ఆ డొమైన్ మీకు తెలుసు, అలాంటి కంపెనీ సెంటర్‌లో దానికి విలువ ఉంటుంది. నౌక్రీలో ప్రొఫైల్ పెట్టండి, కానీ నమ్ముకోవాల్సింది రెఫరల్. పాత టీమ్‌లో మీతో రాత్రి షిఫ్ట్ చేసి వెళ్లిపోయిన అన్నలూ అక్కలూ ఎక్కడున్నారో చూడండి. "ఏదైనా ఉంటే చెప్పన్నా" అని పంపితే ఎవరూ ఏమీ చేయలేరు. జాబ్ ఐడీ, రెజ్యూమె, మీరెందుకు సరిపోతారో రెండు లైన్లు కలిపి పంపితే వాళ్లు ఫార్వర్డ్ చేసేస్తారు.

నోటీస్ 90 రోజులైతే రిక్రూటర్లు మొహం తిప్పుకుంటారు, దాంతో ఆఫర్ లేకుండానే పేపర్ వేసి (రిజైన్ చేసి) "సర్వింగ్ నోటీస్" అని పెట్టుకునేవాళ్లున్నారు. ఇంటి ఈఎంఐ మీ మీద ఉంటే ఆ జూదం వద్దు. నోటీస్ బైఅవుట్ (మిగిలిన రోజులకి డబ్బు కట్టి ముందే వదిలించుకోవడం) చేస్తారా అని కొత్త కంపెనీని అడగొచ్చు, పాత కంపెనీ ఒప్పుకుంటుందో లేదో మీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో చూడండి.

ఆఫర్ చేతికొచ్చాక సీటీసీ (కంపెనీ మీ మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) చూసి లెక్క వేయకండి. 12 లక్షల సీటీసీ అనుకుందాం, బేసిక్ సగం, వేరియబుల్ (పనితీరుని బట్టి ఇచ్చేది) పది శాతం. వేరియబుల్ 1,20,000, కంపెనీ పీఎఫ్ వాటా 72,000, బేసిక్‌లో 4.81 శాతం చొప్పున గ్రాట్యుటీ దాదాపు 29,000, ఇవన్నీ నెల జీతంలో రావు. మిగిలినదాంట్లో మీ పీఎఫ్ వాటా, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 పోతే నెలకి చేతికి 75 వేల పైచిలుకు. నెలకి లక్ష అని ఇంట్లో చెప్పేసి ఉంటారు అప్పటికే. ఇన్సూరెన్స్ ప్రీమియం కూడా సీటీసీలో కలిపే కంపెనీలున్నాయి. జాయినింగ్ బోనస్ ఉంటే, ఏడాదిలోపు మానేస్తే వెనక్కి కట్టాలన్న షరతు ఉందేమో చూడండి. ఇప్పటి కంపెనీలో ఐదేళ్లకి దగ్గరగా ఉంటే గ్రాట్యుటీ కోసం తేదీ ఒకసారి చూసుకుని రిజైన్ చేయండి.

రిజైన్ చేశాక మేనేజర్ కౌంటర్ ఆఫర్ ఇస్తే, జీతం ఒక్కటే కారణమైతే ఆలోచించండి. పని మారడం కోసం వెళ్తున్నవాళ్లకి అది దండగ, పెంచిన జీతంతో అదే షిఫ్ట్, అదే టికెట్లు.

చివరి వారంలో పే స్లిప్‌లు, ఫామ్ 16లు డౌన్‌లోడ్ చేసుకోండి, లాగిన్ పోయాక అడుక్కోవాల్సి వస్తుంది. రిలీవింగ్, ఎక్స్‌పీరియన్స్ లెటర్లలో పేరు, తేదీలు, హోదా సరిగ్గా ఉన్నాయో చూడండి. పీఎఫ్ పోర్టల్‌లో పాత కంపెనీ ఎగ్జిట్ డేట్ పెట్టిందో లేదో నెల తర్వాత చూసుకుని, డబ్బు తీసేయకుండా ట్రాన్స్‌ఫర్ పెట్టండి. ఐదేళ్ల సర్వీస్ నిండకుండా తీస్తే పన్ను పడుతుంది, ట్రాన్స్‌ఫర్ చేస్తే పాత ఏళ్లు కూడా కలుస్తాయి.